రోడ్డు మీది కారు, డాబా మీది రేకులు

(కాలనీ సంక్షేమ సంఘాల ప్రతినిధుల సమావేశంలో, పురపాలక శాఖ టౌన్ ప్లానింగ్ విభాగంలో పనిచేసి రిటైరైన ఒక అధికారి చేసిన ప్రసంగ పాఠం)

నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? సరే.

మీ కార్యదర్శిగారు ఫోన్ చేసి రెండు విషయాల మీద మాట్లాడమన్నారు. వీధుల్లో బండ్ల పార్కింగ్ ఒకటి. ఇళ్లపైన వేసే రేకుల షెడ్లు, వాటి మీద వచ్చే ఫిర్యాదులు రెండోది. చెరో అరగంట తీసుకోమన్నారు. నేను రెండూ కలిపే చెబుతాను. ఉద్యోగం చేసినన్నాళ్లూ నాకవి రెండు సమస్యల్లా కనిపించలేదు. రోడ్డు మీద ఆగిన కారు, డాబా మీద లేచిన రేకులు చాలాసార్లు ఒకే ఇంటి ప్లాన్ తప్పడం వల్ల వచ్చినవే. ఆఫీసులో మాత్రం వాటిని వేర్వేరు ఫిర్యాదులుగా తీసుకుని, వేర్వేరుగా మూసేస్తారు. ఈరోజు నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే.

ఎలాగో చూడండి. ఒకాయన మూడు వందల గజాల్లో ఇల్లు కడతాడు. ప్లాన్‌లో కింద స్టిల్టు, పైన మూడంతస్తులు. స్టిల్టు అంటే స్తంభాల మధ్య ఖాళీ, బండ్లు పెట్టుకోవడానికి. గృహప్రవేశం అయ్యేదాకా అది ఖాళీగానే ఉంటుంది. తర్వాత ఒక మూల వాచ్‌మన్ గది వస్తుంది. అది తప్పదులెండి, పాపం వాళ్లూ ఎక్కడో ఉండాలి కదా. ఆ పక్కన ఇంకో గోడ లేస్తుంది. ఒక షట్టర్ పడుతుంది. జిరాక్స్ షాపో, ట్యూషన్ సెంటరో, కర్రీ పాయింటో మొదలవుతుంది. ఆయన కారు వీధిలోకి వస్తుంది. ఈలోగా పైన బట్టలారేసుకోవడానికని నాలుగు ఇనుప పైపులు నిలబెట్టి రేకులు వేస్తారు. మరుసటి ఏడాది వాన జల్లు కొడుతోందని పక్కలు మూస్తారు. ఆ తర్వాత టైల్స్, బాత్రూం. ఆపైన గేటుకు టు-లెట్ బోర్డు. నలుగురు బ్యాచిలర్స్ దిగుతారు, నాలుగు బైకులు. అవెక్కడ పెట్టాలి? వీధిలోనే.

ఎదురింటాయన కారు బయటికి తీయలేక ట్రాఫిక్ పోలీసుకు ఫోన్ చేస్తాడు. పక్కింటావిడ రేకుల మీద పడ్డ వాన నీళ్లు తమ గోడ మీద పడుతున్నాయని మున్సిపాలిటీ యాప్‌లో ఫొటో పెడుతుంది. ఒకే ఇంటి మీద రెండు ఫిర్యాదులు, రెండు శాఖలకు. పోలీసు వచ్చి బండి తీయమంటాడు, అరగంటకు ఇంకో బండి వచ్చి ఆగుతుంది. మున్సిపాలిటీ నుంచి చైన్‌మన్, అంటే కొలతలు తీసే కింది స్థాయి ఉద్యోగి, వచ్చి రేకులు చూసి వెళ్తాడు. ఆ ఇంటికి మంజూరైన ప్లాన్ తెరిచి చూసినవాళ్లు ఇద్దరిలో ఒక్కరూ ఉండరు.

ఇప్పుడు చట్టం దగ్గరికి వద్దాం. రోడ్డు మీద పార్కింగ్ ఎవరి బాధ్యత అంటే మున్సిపాలిటీ వాళ్లు పోలీసులని, పోలీసులు మున్సిపాలిటీ అని అంటారు. నిజానికి ఇద్దరిదీ. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. దానితో చేరిన పన్నెండో షెడ్యూల్లో పట్టణ సంస్థలకు అప్పగించదగ్గ పనులు 18 ఉన్నాయి. పదిహేడోది చూడండి: వీధి దీపాలు, పార్కింగ్ స్థలాలు, బస్టాపులు, మరుగుదొడ్లు. అదే జాబితాలో రెండోది భూ వినియోగం, భవన నిర్మాణాల నియంత్రణ. అంటే బండి ఆపడానికి చోటు చూపడం, ఇల్లు ప్లాన్ ప్రకారం ఉందో లేదో చూడడం రెండూ ఒకే సంస్థ పనులు. కానీ ఆగిన బండిని కదిలించే అధికారం మున్సిపాలిటీకి లేదు. అది 1988 మోటారు వాహనాల చట్టం కింద పోలీసులది. ఆ చట్టంలో 122వ సెక్షన్ ఇతరులకు ప్రమాదమో, అడ్డో, ఇబ్బందో కలిగేలా బహిరంగ స్థలంలో బండి ఆపి ఉంచకూడదంటుంది. పది గంటలకు పైగా వదిలేసిన బండిని, లేదా నిషేధం ఉన్నచోట పెట్టిన బండిని లాగించే అధికారం 127వ సెక్షన్ యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారికి ఇస్తుంది. మీ వీధిలో కవరు కప్పి, టైర్లు చదునై, కుక్కలు కింద పడుకునే కార్లు ఉంటాయి చూశారా, వాటికి పనికొచ్చే సెక్షన్ ఇదే. అది వాడిన ఫిర్యాదు నేను చాలా తక్కువ చూశాను.

117వ సెక్షన్ ఇంకా ముఖ్యం. బండ్లు ఎక్కడ నిలపవచ్చో నిర్ణయించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది, లేదా అది అధికారం ఇచ్చిన సంస్థది. ఆ నిర్ణయం స్థానిక సంస్థను సంప్రదించి చేయాలని ఆ సెక్షన్‌లోనే రాసి ఉంది. కాలనీ వీధుల విషయంలో ఈ సంప్రదింపు జరగడం అరుదు. మెయిన్ రోడ్లకు జరుగుతుంది, మార్కెట్లకు జరుగుతుంది. మన లోపలి వీధుల్లో ఇటు ఆపొచ్చు, అటు ఆపకూడదు అని ఎవరూ గీత గీయలేదు. అందుకే ఇంటాయనే గీస్తాడు. గేటుకు ఒక రేకు ముక్క కట్టి "నో పార్కింగ్, పెడితే గాలి తీయబడును" అని రాస్తాడు. ఆ బోర్డుకు చట్టంలో విలువ లేదండి. గాలి తీస్తే తీసినవాడిదే తప్పు. అయితే గేటుకు అడ్డంగా బండి పెట్టకూడదన్నది నిజమే, దానికి బోర్డు అక్కర్లేదు. ఇంటి ప్రవేశానికి అడ్డంగా, ఫుట్‌పాత్ మీద, మూల మలుపు దగ్గర, ఇంకో బండి పక్కన రెండో వరుసలో ఆపకూడదని దేశమంతటికీ వర్తించే రహదారి నియమాల్లోనే ఉంది.

(సభలో ఒకరు: రోడ్డు మీద పూలకుండీలు పెట్టుకుంటే?)

పూలకుండీలు, రాళ్లు, సిమెంట్ దిమ్మెలు, గొలుసులు, పాత టైర్లు, అన్నీ ఒకటే. రోడ్డు మీ ఇంటి ముందు ఉన్నంత మాత్రాన మీదైపోదు. హైదరాబాద్‌కు వర్తించే 1955 మున్సిపల్ కార్పొరేషన్ చట్టంలో 402వ సెక్షన్ వీధికి అడ్డుగా ఏదీ పెట్టకూడదంటుంది. 405 కింద కమిషనర్ నోటీసు కూడా ఇవ్వకుండా తీసేయించవచ్చు. మేం సాధారణంగా దాన్ని తోపుడు బండ్ల మీద వాడేవాళ్లం. కాలనీల్లో దిమ్మెల మీద వాడిన సందర్భాలు తక్కువ. ఎందుకని మీరు అడగరు, నేనూ చెప్పను. (నవ్వులు)

ఇక స్టిల్టు. నా లెక్కలో అసలు కథంతా ఇక్కడే ఉంది. ప్లాన్‌లో పార్కింగ్ అని చూపిన చోటును ఇంకో పనికి వాడితే చట్టం దాన్ని చిన్న తప్పుగా చూడదు. 2007 డిసెంబర్ 31న ఉమ్మడి రాష్ట్రంలో జీవో 901 వచ్చింది, బీపీఎస్ అని అప్పట్లో అందరి నోటా ఉండేది. ప్లాన్ తప్పి కట్టిన ఇళ్లను డబ్బు కట్టించుకుని క్రమబద్ధీకరించే పథకం. అదనపు అంతస్తులు, తగ్గించిన సెట్‌బ్యాక్‌లు, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీలు, చాలా వాటికి దారి చూపింది. కానీ మంజూరైన ప్లాన్‌లో పార్కింగ్‌కు కేటాయించిన స్థలాన్ని మాత్రం క్రమబద్ధీకరించేది లేదని అందులోనే రాశారు. అన్నీ క్షమించిన పథకం కూడా దీన్ని క్షమించలేదు. తెలంగాణ వచ్చాక 2015లో బీఆర్ఎస్ పేరుతో ఇలాంటి క్రమబద్ధీకరణ పథకమే ప్రకటించారు, అది కోర్టులో చిక్కుకుంది.

అపార్ట్‌మెంట్ల వాళ్లు ఇంకో విషయం తెలుసుకోవాలి. బిల్డర్లు స్టిల్టులో గీతలు గీసి స్లాటుకు ఇంత అని అమ్మేవారు. ముంబై హౌసింగ్ సొసైటీ కేసులో సుప్రీంకోర్టు 2010 ఆగస్టులో స్టిల్టు స్థలాన్ని గ్యారేజీ పేరుతో విడిగా అమ్ముకునే హక్కు బిల్డర్‌కు లేదంది. అది మహారాష్ట్ర చట్టం మీద ఇచ్చిన తీర్పు, మనకు నేరుగా వర్తించకపోవచ్చు, కానీ దారి చూపింది. 2016లో రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం వచ్చింది. అందులో ఉమ్మడి స్థలాలంటే ఏమిటో చెప్పే చోట బేస్‌మెంట్లు, టెర్రస్‌లు, పార్కులు, ఆట స్థలాలు, ఓపెన్ పార్కింగ్ అని వరసగా ఒకే వాక్యంలో ఉంటాయి. గ్యారేజీ అనిపించుకోవాలంటే పైకప్పు, మూడు వైపులా గోడలు ఉండాలని కూడా ఆ చట్టమే చెబుతుంది. మన 1987 అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం చూసినా పైకప్పు ఉమ్మడిదే. కాబట్టి పై ఫ్లోర్ కొన్నవారు "టెర్రస్ రైట్స్ నావి" అని అగ్రిమెంట్ చూపించి రేకులు వేస్తే ముందు అసోసియేషన్ అడ్డుకోవాలి. మున్సిపాలిటీ కోసం ఎదురుచూడక్కర్లేదు.

పార్కింగ్ స్థలం ఇంకోలా మారితే ఏమవుతుందో ఒక్క ఘటన చెబుతాను. 2023 నవంబర్ 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక అపార్ట్‌మెంట్ తగలబడింది. కింది భాగంలో రసాయనాల డ్రమ్ములు నిలవ ఉంచారు. మంటలు మెట్ల మీదుగా పైకి పాకాయి. కనీసం తొమ్మిది మంది చనిపోయారు, వాళ్లు పై అంతస్తుల్లో కాపురం ఉన్నవాళ్లు. అంతకు ముందు ఏడాది సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో ఒక హోటల్ భవనం కింద ఎలక్ట్రిక్ బైకుల షోరూంలో మంటలు లేచి ఎనిమిది మంది పోయారు. ఆ భవనాల కింద ఏముందో చుట్టుపక్కల వాళ్లకు తెలియదంటారా? నేను నమ్మను. రోజూ చూస్తూనే ఉంటారు. రోడ్డు మీద ఆగిన బండి గురించి ఫిర్యాదు చేస్తాం గానీ, ఆ బండి లోపల ఎందుకు లేదో అడగం.

ఇప్పుడు పైకి ఎక్కుదాం. డాబా మీద ఏమేం ఉండొచ్చు? మెట్ల గది, లిఫ్ట్ మెషిన్ రూం, నీళ్ల ట్యాంకు, సోలార్ పలకలు. వీటిని భవనం ఎత్తులో లెక్కపెట్టరు. మనుషులు కాపురం ఉండేలా రేకుల గది వేస్తే అది ఇంకో అంతస్తు కిందే లెక్క. పన్ను వేసేటప్పుడు మున్సిపాలిటీ కూడా అలాగే లెక్కేస్తుంది. అనుమతి లేని అంతస్తుకు ఆస్తి పన్నుతో పాటు అంతే మొత్తం పెనాల్టీ వేస్తారు. ఇక్కడే చాలామంది పొరపడతారు. "నేను టాక్స్ కడుతున్నాను, రశీదు ఉంది" అంటారు. పన్ను కడితే నిర్మాణం సక్రమం కాదండి. వసూలు చేసుకున్న మున్సిపాలిటీయే రేపు కూల్చే హక్కునూ ఉంచుకుంటుంది. నాకు ఇది ఎప్పుడూ మింగుడుపడలేదు. ఒక విభాగం తప్పు అని నోటీసు ఇస్తుంది, పక్క గదిలో ఇంకో విభాగం అదే తప్పు మీద ఏటా డబ్బు తీసుకుంటుంది. ఇంటాయనకు ఏది అర్థమవుతుంది? డబ్బు కట్టాం, ఇక పర్లేదు అనే అర్థమవుతుంది.

కొత్తగా సోలార్ వచ్చింది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల సబ్సిడీ ఇస్తున్నారు, మంచిదే, పెట్టించుకోండి. కానీ కొందరు పలకల్ని ఎనిమిదడుగుల ఎత్తులో బిగించి, కింద రేకులు వేసి, పక్కలు మూసి గది చేస్తున్నారు. అడిగితే గ్రీన్ ఎనర్జీ అంటారు. తెలంగాణ 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ పాలసీ కూడా తెచ్చింది. ఆరు వందల గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు, నివాసేతర భవనాలకు వేడిని తిప్పికొట్టే పైకప్పు తప్పనిసరి అంది. ఎండాకాలంలో ఉక్కపోత తట్టుకోలేకే డాబా మీద రేకులు వేశాం అనేవాళ్లకు ఆ తెల్లరంగు చాలా చవకైన మార్గం. షెడ్డు ఖర్చులో పది శాతం కూడా కాదేమో.

పక్కింటి నీళ్ల గొడవ మాత్రం చాలా పాతది. పెంకుటిళ్ల రోజుల్లో చూరు నీళ్లు ఎవరి స్థలంలో పడాలన్నదాని మీద పంచాయితీలు జరిగేవి, తలలు పగిలేవి. ఇప్పుడు చూరు పోయి రేకు వచ్చింది, గొడవ అదే. వంద చదరపు మీటర్ల లోపు ప్లాట్లలో ఏడు మీటర్ల ఎత్తు వరకు పక్కలకు ఖాళీ వదలాల్సిన పనిలేదని 2012 నాటి జీవో 168 చెబుతుంది. గోడకు గోడ ఆనించి కడతారు. దానిమీద రేకు అరడుగు బయటికి వస్తే ఆ నీళ్లన్నీ పక్కింట్లోకే. దీనికి పెద్ద చట్టం అక్కర్లేదు, ఒక రేకు తూము వేసి పైపు కిందికి దించితే సరిపోతుంది. ఆ పైపు ఇంకుడు గుంతలోకి వెళ్తే ఇంకా మంచిది. నా అనుభవంలో రేకుల ఫిర్యాదుల్లో చాలావరకు ఈ తూముతో తీరిపోయేవి. కానీ అప్పటికే ఇరుగుపొరుగు మాట్లాడుకోవడం మానేసి ఉంటారు.  

ఒక మాట న్యాయంగా చెప్పాలి. యాభై, అరవై గజాల్లో ఇల్లు కట్టుకున్నవాడు కారు ఎక్కడ పెట్టుకోవాలి? ఆ ప్లాట్లలో నిబంధనలు స్టిల్టు అడగవు, అడగడానికి చోటూ ఉండదు. తెలంగాణలో టీఎస్ బీపాస్ అనే ఆన్‌లైన్ భవన అనుమతుల విధానం వచ్చాక 75 గజాల లోపు ఏడు మీటర్ల ఎత్తు ఇంటికి అనుమతే అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. పేదవాడికి అది మేలు. 600 గజాల దాకా సొంత ధ్రువీకరణతో వెంటనే అనుమతి వస్తుంది. లంచాలు తగ్గాయి, నేను ఒప్పుకుంటాను. దానికి ఇంకో పక్క ఏమిటంటే, ముందు చేసే తనిఖీ తగ్గిపోయి అంతా తర్వాత చేసే తనిఖీ మీదికి వచ్చింది. ఆ తనిఖీకి చాలినంత మంది సిబ్బంది ఎప్పుడూ లేరు. కాబట్టి ఇప్పుడు ఇన్‌స్పెక్టర్ మీరే. మీ ఫిర్యాదు ఎంత బాగా ఉంటే తనిఖీ అంత బాగా జరుగుతుంది. ఆంధ్రలో వార్డు సచివాలయాల్లో ప్లానింగ్ సెక్రటరీలు ఉంటారు, మనిషి దగ్గర్లో ఉంటాడు కాబట్టి అక్కడ నేరుగా వెళ్లి అడగడం కాస్త సులువు.

ఫిర్యాదు ఎలా మూతపడుతుందో చెబుతాను, నేనే మూయించిన రకం. "పక్కింటివాళ్లు అక్రమంగా షెడ్ వేశారు, చర్య తీసుకోగలరు" అని వస్తుంది. సెక్షన్ ఆఫీసర్ వెళ్లి చూస్తాడు. ఇందాకటి 1955 చట్టంలోని 452వ సెక్షన్ కింద నోటీసు ఇస్తాడు. యాప్‌లో "నోటీసు ఇవ్వబడింది" అని రాసి క్లోజ్ కొడతారు. ఫిర్యాదు పరిష్కారమైనట్టు లెక్క. రేకులు అక్కడే ఉంటాయి. మీరు మళ్లీ పెడితే మళ్లీ అదే. నోటీసు తర్వాత వాళ్ల సమాధానం తీసుకుని, కారణాలతో ఉత్తర్వు ఇవ్వాలి, స్పీకింగ్ ఆర్డర్ అంటాం. అది రాకుండా ఫైలు ముందుకు కదలదు. అది వచ్చేలోగా ఇంటాయన సివిల్ కోర్టుకు వెళ్లి స్టే తెచ్చుకుంటాడు. కూల్చివేతల మీద 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత పదిహేను రోజుల గడువుతో నోటీసు తప్పనిసరి అయింది. ఆ తీర్పు రోడ్డు, వీధి, ఫుట్‌పాత్ లాంటి బహిరంగ స్థలాల్లో ఉన్న ఆక్రమణలకు వర్తించదని కూడా స్పష్టంగా ఉంది. అంటే ఇంటిపైన రేకులకు ఓపిక కావాలి, రోడ్డు మీద దిమ్మెకు అక్కర్లేదు. కాబట్టి రోడ్డు మీద దిమ్మెకు విడిగా అర్జీ పెట్టండి, లేకపోతే రెండూ స్టేలో ఇరుక్కుంటాయి.

మీరు ముందు చేయాల్సింది ఆ ఇంటి అనుమతి వివరాలు తెప్పించుకోవడం. సమాచార హక్కు చట్టం కింద అడగండి, ముప్పై రోజుల్లో ఇవ్వాలి. ప్లాన్ కాపీ అడిగితే మూడో వ్యక్తి సమాచారం అని తిప్పి పంపేవాళ్లు ఉన్నారు. అప్పుడు అనుమతి నంబరు, ఎన్ని అంతస్తులకు, పార్కింగ్‌కు ఎంత విస్తీర్ణం, కాపురం ఉండొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చారా లేదా అన్న నాలుగే అడగండి. చేతికొచ్చాక సోమవారం ప్రజావాణిలో అర్జీ పెట్టండి. అందులో షెడ్డు గురించి, కారు గురించి విడివిడిగా రాయకండి. ప్లాన్‌లో ఇన్ని అంతస్తులు, ఇంత పార్కింగ్ ఉంది, ఇప్పుడు అక్కడ ఇది ఉంది, ప్లాన్‌తో పోల్చి తనిఖీ చేసి తేడాలు రాతపూర్వకంగా తెలపండి అని అడగండి. ఇలాంటి అర్జీని నోటీసు ఇచ్చామని రాసి మూయలేరు. జవాబులో తేడాలు రాయాల్సి వస్తుంది, రాసిన అధికారి దానికి బాధ్యుడవుతాడు. ఆ జవాబు కాపీ ఒకటి ట్రాఫిక్ స్టేషన్‌కు ఇవ్వండి. ఈ వీధిలో బండ్లెందుకు నిండుతున్నాయో వాళ్లకూ అర్థమవుతుంది, ఒకవైపు పార్కింగ్ పెట్టాలంటే మున్సిపాలిటీతో మాట్లాడటానికి వాళ్ల చేతిలో కాగితం ఉంటుంది.

పై ఫ్లాట్ బాత్రూం నుంచి నీరు కారడం లాంటివి మాత్రం మా దగ్గరికి తేకండి. అది మీ అసోసియేషన్, కాకపోతే సివిల్ కోర్టు. భవనం కూలేలా ఉంటే వేరు, ఖాళీ చేయించే అధికారం మున్సిపాలిటీకి ఉంది, వానాకాలానికి ముందే చెప్పండి.

(సభలో ఒకరు: ఫిర్యాదు చేస్తే మా పేరు బయటికి వస్తుందా సార్?)

రాకూడదు. కానీ వస్తుంది. చైన్‌మన్ గేటు దగ్గర నిలబడి "ఎదురింటి సార్ పెట్టారండి" అని చెప్పేస్తాడు, అక్కడితో మీకు ఆ ఇంటితో మాటలు ఉండవు. అందుకే ఒక్కరే పెట్టకండి, సంఘం లెటర్‌హెడ్ మీద, వీధి మొత్తానికి కలిపి పెట్టండి. ఒక ఇంటి పేరు కాకుండా ఆ వీధిలో ఉన్న ప్రతి ఇంటి స్టిల్టూ తనిఖీ చేయమని అడగండి. సంతకం మీ అధ్యక్షులవారిది కాబట్టి, అంతకుముందు ఒకసారి ఆయన ఇంటి స్టిల్టు ఖాళీగా ఉందో లేదో చూసి రండి. (నవ్వులు) ఆయన నవ్వుతున్నారు కానీ, నేను వచ్చేటప్పుడు చూశాను, అక్కడ ఒక షట్టర్ ఉంది.